పదకొండు మొక్కలు, ఐదు రోగాలు

అమ్మా నాన్నా న్యూజెర్సీకి వచ్చిన మర్నాడు, నాన్న జెట్‌లాగ్‌తో తెల్లవారుజామున నాలుగింటికే లేచి కూర్చున్నాడు. వెలుతురు రాగానే డ్రైవ్‌వేలోకి వెళ్లిపోయాడు. నేను కాఫీ పట్టుకెళ్లేసరికి, గరాజ్‌లో వదిలేసిన మందు సీసా చేతిలో ఉంది. కళ్లద్దాలు సర్దుకుంటూ లేబుల్ మీది చిన్నక్షరాలు కూడబలుక్కుంటున్నాడు.

"లామ్డా సైహలోత్రిన్. ఇది మనం పత్తికి కొట్టేదే. నువ్వు దేనికి కొట్టావమ్మా?"

"ఆ చెట్లకే నాన్నా. ఎండిపోతున్నాయని."

"పురుగు కనపడిందా?"

కనపడలేదు. అసలు నేను వెతకలేదు. ఏప్రిల్ మొదటి శనివారం షాపుకి వెళ్లి, "అన్ని రకాల పురుగులకూ" అని రాసి ఉన్న సీసా తెచ్చి, గొట్టానికి తగిలించి, పదకొండు మొక్కల్నీ తలస్నానం చేయించినట్టు తడిపేశాను. ఆ సంగతి చెబితే నాన్న ఏమీ అనలేదు. సీసా మూత గట్టిగా బిగించి పైఅరలో పెట్టాడు. మా నాన్న నలభై ఏళ్లు గుంటూరు దగ్గర మిరప, పత్తి వేసిన మనిషి. ఆయన ఏమీ అనకపోతే చాలా అన్నట్టే లెక్క.

మాది సెంట్రల్ న్యూజెర్సీ. 2021లో ఇల్లు కొన్నాం. పక్కింటికీ మాకూ మధ్య మరుగు లేదని, 2022 మే నెలలో గరాజ్ గోడ పక్కనా, డ్రైవ్‌వే అంచునా కలిపి పదకొండు ఎమరాల్డ్ గ్రీన్ ఆర్బర్‌విటేలు పెట్టించాం. అమెరికాలో మనవాళ్లు ఇళ్లు కొనే కాలనీల్లో ఒక చుట్టు తిరిగితే ఇవే వరసలు కనిపిస్తాయి. మన ఊళ్లలో గేటుకి అటొకటి ఇటొకటి పెట్టుకునే మోర్‌పంఖికి ఇది దగ్గరి చుట్టం. ఆకు ఆకులా ఉండదు, చిన్న చిన్న పొలుసులు జడ అల్లినట్టు ఉంటుంది. పన్నెండు పదిహేను అడుగుల ఎత్తు పెరిగినా వెడల్పు మూడు నాలుగు అడుగులే, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. అందుకే ఇరుకు స్థలాల్లో అందరూ దీన్నే పెడతారు. ఆర్బర్‌విటే అనే లాటిన్ మాటకి జీవవృక్షం అని అర్థం. 2025 మార్చి మూడో వారానికి మా జీవవృక్షాలు పదకొండూ తుప్పు రంగు తిరిగాయి.

లాండ్‌స్కేపింగ్ చేసే ఒకాయన్ని పిలిస్తే ట్రక్కు దిగకుండానే చూసి, అన్నీ పీకి కొత్తవి పెట్టాలి, మూడు వేల డాలర్ల పైమాటే అన్నాడు. మా ఆయన సరే అనేశాడు. నాకేమో మనసొప్పలేదు. టెన్షన్‌లో రెండు పిచ్చి పనులు చేశాను. ఒకటి ఆ మందు. రెండోది, గోడ పక్కన మూడో మొక్కకి బాగా ఎండిన భాగమంతా కత్తెరతో లోపలి పుల్ల కనపడేదాకా కత్తిరించేశాను. జుట్టు కత్తిరిస్తే మళ్లీ రాదా అన్న ధీమా. దాని సంగతి తర్వాత చెబుతాను.

కాఫీ తాగాక నాన్న నా చేత పిల్లల నోట్‌బుక్ ఒకటి తెప్పించాడు. మొక్కలన్నిటికీ నంబర్లు వేయమన్నాడు. గరాజ్ గోడ పక్కన, చూరు కింద, ఒకటి నుంచి నాలుగు. గోడ మూలన, పైకప్పు నీళ్లు దిగే గట్టర్ గొట్టం దగ్గర ఐదు. అక్కడి నుంచి డ్రైవ్‌వే అంచున వీధి దాకా ఆరు నుంచి పదకొండు. ఒక్కో దానికి ఏ వైపు ఎండింది, పైనా కిందా, చివర్లా లోపలా, ఒక్కసారిగా ఎండిందా మచ్చలు మచ్చలుగానా, ఇవన్నీ రాయమన్నాడు. "గట్టు మీద నించుని చూస్తే చేనంతా ఒకటే రోగంలా ఉంటది. లోపలికి దిగాలి."

దిగాం. అప్పటిదాకా నాకు అన్నీ ఒకేలా ఎండినట్టు కనపడ్డాయి. గంటసేపు ఒక్కోదాని చుట్టూ తిరిగాక, ఇన్నాళ్లూ ఏం చూశానా అనిపించింది.

ఒకటి నుంచి నాలుగు వరకూ వీధి వైపు, అంటే నైరుతి వైపు మాత్రమే ఎండాయి. గోడ వైపు చెయ్యి పెట్టి చూస్తే నిగనిగలాడుతున్నాయి. గీత గీసినట్టు సగం పచ్చ, సగం తుప్పు. పురుగుకి దిక్కులు తెలియవు కదా, ఇది ఎండా గాలీ చేసిన పని అన్నాడు నాన్న. కాకపోతే చలికాలంలో ఎండ దెబ్బ ఏమిటో ఆయనకు అంతుపట్టలేదు. నాకూ అంతే. తర్వాత తెలిసింది, ఇక్కడ దాన్ని వింటర్ బర్న్ అంటారు. ఆకు రాల్చని చెట్టు జనవరిలో కూడా ఎండ కాసినప్పుడు, గాలి కొట్టినప్పుడు ఆకుల్లోంచి నీళ్లు పోగొట్టుకుంటూనే ఉంటుంది. నేల గడ్డకట్టి ఉంటే వేరు మళ్లీ నీళ్లు అందించలేదు. ఆకు చలికాలంలోనే చస్తుంది కానీ, ఎండినట్టు మన కంటికి కనపడేది మార్చిలో.

అయితే 2023లో ఎండలేదు, 2024లో ఎండలేదు. ఈసారే ఎందుకు? నేను క్యాలెండర్ వెనక్కి తిప్పాను. 2024 అక్టోబర్‌లో న్యూజెర్సీలో వాన అన్నదే లేదు. రాష్ట్రం సగటున 0.02 అంగుళాలు. 1895లో లెక్కలు మొదలైనప్పటి నుంచీ అంత పొడి నెల ఇంకోటి లేదు. నవంబర్‌లో న్యూయార్క్ సరిహద్దు మీద జెన్నింగ్స్ క్రీక్ దగ్గర అడవి తగలబడింది. నవంబర్ 13న గవర్నర్ కరవు హెచ్చరిక ప్రకటించాడు. ఆ కరవులో నేనేం చేశాను? పైపులు గడ్డకట్టి పగులుతాయని అక్టోబర్ మధ్యలోనే బయటి కుళాయి కట్టేసి, గొట్టం చుట్టి గరాజ్‌లో పెట్టేశాను. మొక్కలు దాహంతోనే చలికాలంలోకి వెళ్లాయి.

నాన్న ఇంకొకటి కనిపెట్టాడు. ముందు రోజు రాత్రి మంచి వాన పడింది. గడ్డి మీద నడిస్తే చెప్పులు తడుస్తున్నాయి. ఆయన గరాజ్‌లోంచి పొడుగు స్క్రూడ్రైవర్ తీసుకుని ఆరో మొక్క మొదట్లో గుచ్చితే పిడి దాకా దిగింది. రెండో మొక్క దగ్గర రెండంగుళాలు దిగి ఆగిపోయింది. మొదట్లో పరిచిన మల్చ్ (చెక్కపేళ్ల పొర) పక్కకి జరిపి గోకితే లోపల మట్టి పిండిలా ఉంది. పైకి చూశాను. రెండడుగుల చూరు. గోడ పక్కనున్న నాలుగు మొక్కల మీదా వాన పడుతున్నట్టే ఉంటుంది, మొదట్లో మాత్రం చుక్క పడదు. మూడేళ్లుగా నేను వాన పడిన ప్రతిసారీ ఇవాళ్టికి నీళ్లు పెట్టక్కర్లేదులే అనుకుంటూ వచ్చాను.

ఒకటో నంబరుకి అదనంగా కంచమంత గుండ్రటి మచ్చ ఒకటి ఉంది, నడుము ఎత్తులో, గోడ వైపు. బట్టలారబెట్టే డ్రయర్ వేడిగాలి బయటికొచ్చే కన్నం సరిగ్గా దాని ఎదురుగా ఉంది. దాన్ని రోగాల లెక్కలో వేయడం లేదు.

ఇక ఆరు నుంచి తొమ్మిది వరకూ వేరే కథ. వీటికి ఫలానా వైపే ఎండడమంటూ లేదు, చివర్లూ అంతగా ఎండలేదు. మొత్తం చెట్టు మీద సన్నటి దుమ్ము పడ్డట్టు, పచ్చదనం వెలిసిపోయినట్టు ఉంది. దగ్గరకెళ్లి చూస్తే ఆకు మీద పసుపు, బూడిద రంగు చుక్కలు. నాన్న ఒక రెమ్మ వంచి, చూసి, వదిలేసి, "కాగితం తే" అన్నాడు.

ప్రింటర్‌లోంచి తెల్ల కాగితం తెచ్చాను. దాన్ని రెమ్మ కింద పట్టుకోమని, రెమ్మని అరచేత్తో మూడుసార్లు గట్టిగా కొట్టాడు. కాగితం మీద ఎండు పొట్టు, రెండు మూడు పొలుసులు, కాస్త ధూళి పడ్డాయి. ఏమీ లేదుగా అన్నాను. "ఆగు" అన్నాడు. కాగితం కదలకుండా పట్టుకున్నాం. ఒక పది సెకన్లయ్యాక ఆ ధూళిలో ఒక చుక్క నడిచింది. తర్వాత ఇంకోటి. పెన్సిల్ మొనతో పెట్టిన చుక్కకన్నా చిన్నవి, ముదురు ఆకుపచ్చవి, మెల్లగా దారి వెతుక్కుంటున్నాయి. లెక్కపెడితే ఇరవై ఆరు. నాన్న వాటి మీద వేలితో ఒక్క రాపు రాస్తే కాగితం మీద ఆకుపచ్చ గీత పడింది. చెట్టు రసం తాగి ఉన్నాయన్నమాట.

"నల్లి" అన్నాడు. మంచాల్లో ఉండేది కాదు, ఆకు రసం పీల్చే చేలోని నల్లి. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం వెలిగిపోయింది. పరాయి దేశంలో పాత శత్రువు కనిపిస్తే అదీ ఒక చుట్టరికమే కాబోలు. మిరపలో ఆకు కిందికి ముడుచుకుంటే నల్లి, పైకి ముడుచుకుంటే తామరపురుగు అని మా ఊళ్లో పదేళ్ల పిల్లాడు కూడా చెబుతాడు. కింది ముడత, పై ముడత అంటారు. ఇక్కడ ఆకే లేదు ముడుచుకోవడానికి, పొలుసు తప్ప. అయినా పట్టేశాడు.

అప్పుడు చెప్పాడు ఆ సీసా సంగతి. ఎనభైల్లో ఆ సీసాలోది లాంటి సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొత్తగా వచ్చినప్పుడు, పత్తిలో కాయతొలుచు పురుగుకని వారానికోసారి కొట్టారట. పురుగు ఏమో గానీ, తెల్లదోమ చేలకు చేలు కమ్మేసింది. మందు పడగానే దోమని తినే మిత్రపురుగులే ముందు చచ్చిపోయాయి. నల్లికీ అదే లెక్క. నల్లిని తినే నల్లి వేరే ఉంటుంది, అది చురుగ్గా పరిగెత్తుతుంది, మందు పడితే అదే ముందు పోతుంది. మా కాగితం మీద పరిగెత్తేది ఒక్కటీ కనపడలేదు. నా మందు వల్లే నల్లి పెరిగిందని నేను నిరూపించలేను, కొట్టి రెండు వారాలేగా అయింది. కానీ దాని తోడేళ్లని నేను చంపి ఉంటానన్నది ఖాయం.

ఇక్కడ దాదాపు ప్రతి కౌంటీకీ యూనివర్సిటీ తరఫున సాగు సలహాలిచ్చే ఎక్స్‌టెన్షన్ ఆఫీసు ఉంటుంది. న్యూజెర్సీలో అది రట్గర్స్ యూనివర్సిటీది. మాస్టర్ గార్డెనర్లు అని శిక్షణ తీసుకున్న వాలంటీర్లు ఫోన్ ఎత్తుతారు. ఇది నాకు ఇన్నేళ్లూ తెలియదు. చెబితే నాన్న, "అంటే వీళ్ల లాం ఫారం" అన్నాడు. సరిగ్గా అదే. గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన కేంద్రానికి మిరప రైతులు తెగులు పట్టిన కొమ్మ పట్టుకుని వెళ్లినట్టే, ఇక్కడా వెళ్లొచ్చు.

ఫోన్‌లో ఒక పెద్దావిడ మాట్లాడింది. ఫొటోలు పంపించాను. ఆమె చెప్పినదాంట్లో మాకు తెలియని ముక్క ఒకటుంది. ఇది స్ప్రూస్ స్పైడర్ మైట్ కావచ్చు, ఇది చల్లటి రోజుల్లో పెరిగే నల్లి, వసంతంలో, మళ్లీ శరదృతువులో విజృంభిస్తుంది, నడి వేసవిలో అణిగిపోతుంది అంది. నాన్నకి ఇది మింగుడుపడలేదు. మన దగ్గర ఎండలు ముదిరితేనే ఎర్రనల్లి. "చలికి పెరిగే నల్లి ఏందమ్మా" అని రెండు రోజులు అంటూనే ఉన్నాడు.

ఒక దెబ్బకి దాదాపు పది నల్లులు దాటి రాలితే ఏదన్నా చెయ్యాలి, లేకపోతే వదిలెయ్యాలి అన్నది ఆమె లెక్క. మావి ఇరవై ఆరు. ముందు గొట్టంతో నీళ్లు బలంగా కొట్టి కడగమంది. మూడు రోజులు వరసగా పొద్దున్నే కడిగాం. తర్వాత హార్టికల్చరల్ ఆయిల్, గాలన్ నీళ్లకి ఐదు టేబుల్ స్పూన్లు, దాదాపు 2 శాతం. ఇది విషం కాదు, పురుగుకీ గుడ్డుకీ గాలి ఆడకుండా చేస్తుంది, అందుకే తడవని చోట ఏమీ చెయ్యదు. కింద నుంచి పైకి, లోపలి పుల్లలు కూడా తడిసేలా కొట్టాలి. దాహంతో ఉన్న మొక్క మీద కొట్టకూడదు, ముందు రోజు నీళ్లు పెట్టాలి. ఎండ ముదిరాక కొట్టకూడదు. నాన్న మొదట ఒకే ఒక్క కొమ్మకి కొట్టి రెండు రోజులు ఆగుదామన్నాడు. కొమ్మకేమీ కాలేదు. అప్పుడు నాలుగు మొక్కలకీ కొట్టాం, పది రోజులాగి మళ్లీ. ఆయనకి కళ్లజోడూ గ్లవ్స్ తొడగడానికి నేను పడిన తిప్పలు ఇంకో వ్యాసం అవుతుంది. నలభై ఏళ్లు లుంగీ బనీనుతో మందు కొట్టిన మనిషి. "నూనే కదా, వేపనూనె లాంటిదే" అంటాడు.

మే చివర్లో కాగితం మీద ఆరు రాలాయి. జూలైలో ఒక్కటీ లేదు. నూనె పనిచేసిందా, ఎండలొచ్చి అవే అణిగిపోయాయా అంటే రెండూ కావచ్చు.

ఐదో నంబరు ఇక దక్కదని మొదటి రోజే తెలిసిపోయింది. అది ఒక వైపు కాదు, మొత్తం ఒకేసారి పాలిపోయి, జీవం లేని ఆలివ్ రంగులోకి తిరిగి, కింద నుంచి ఎండుకుంటూ వచ్చింది. గోరుతో పుల్ల మీద బెరడు గీకితే మిగతా మొక్కల్లో లోపల తడిగా పచ్చగా ఉంది. దీనికి గోధుమ రంగు. మొదట్లో మట్టి తవ్వితే మురుగు వాసన. గరాజ్ కప్పు మీద సగం నీళ్లు ఆ గొట్టంలోంచి దిగి అక్కడే నిలుస్తున్నాయి. మా ఏరియాలో మట్టి ఎర్రటి జిగురు, కింద షేల్ రాయి, నీళ్లు దిగవు. అంటే ఐదడుగుల దూరంలో నాలుగో మొక్క నీళ్లు లేక ఎండుతుంటే, ఐదోది నీళ్లు ఎక్కువై చస్తోంది. రెండూ వీధిలోంచి చూస్తే ఒకటే రంగు. మనం ఎండిపోయింది అనుకుని ఐదోదానికి ఇంకో బకెట్ పోసేవాళ్లమే, నేను మార్చిలో పోశాను కూడా.

వేళ్లూ మట్టీ ప్లాస్టిక్ సంచిలో వేసి రట్గర్స్ ప్లాంట్ డయాగ్నస్టిక్ ల్యాబ్‌కి ఇచ్చాను. ఫైటాఫ్తోరా వేరుకుళ్లు అని రిపోర్టు వచ్చింది. ఆ స్థితిలో మందు లేదు, తీసెయ్యడమే, అదే చోట మళ్లీ ఆర్బర్‌విటే పెట్టొద్దు, ముందు నీళ్ల దారి మార్చుకోండి అన్నారు. "మిరప నారుమడిలో నీళ్లు నిలిస్తే నారుకుళ్లు రాదూ, ఇంతే" అన్నాడు నాన్న. పదిహేను డాలర్ల ముడతల గొట్టం తెచ్చి గట్టర్‌కి తగిలించి నీళ్లని పదడుగుల అవతల గడ్డిలోకి వదిలాం. ఇది మూడేళ్ల ముందు చేసి ఉంటే ఆ మొక్క బతికేది.

పదో నంబరు దగ్గర అసలు కోపం వచ్చింది. అది పై నుంచి సన్నగా, నెమ్మదిగా, ఏళ్ల తరబడి తిండి లేని పిల్లలా ఉంది. పురుగు లేదు, కాగితం మీద ఏమీ రాలలేదు, మట్టి తడి బాగానే ఉంది. నాన్న మొదలు చూద్దామన్నాడు. మొదలెక్కడ? మల్చ్ పుట్టలా పేర్చి ఉంది. ఇక్కడ అందరూ అలాగే పేరుస్తారు, ఏటా పాత దాని మీద కొత్తది. ఆ పుట్ట తీస్తే మట్టి, మట్టి తీస్తే ఇంకా కాండమే. చెట్టు వేరులోకి వెడల్పుగా విచ్చుకునే చోటు నేలకి సమంగా కనపడాలి. అది నాలుగంగుళాల లోతులో ఉంది. అక్కడ చేత్తో తడుముతుంటే నా వేలికి గరుగ్గా ఏదో తగిలింది. వేరనుకున్నాను. మట్టి కడిగి చూస్తే నారింజ రంగు ప్లాస్టిక్ పురికొస. నర్సరీలో వేరుగడ్డకి గోనెపట్టా చుట్టి కాండానికి కట్టిన కట్టు, నాటేటప్పుడు ఎవరూ విప్పలేదు. గోనె మట్టిలో కలిసిపోయింది కానీ ప్లాస్టిక్ కలవదు. కాండం మూడేళ్లు లావెక్కింది, పురికొస చర్మంలోకి దిగిపోయింది. ఉంగరం ఇరుక్కున్న వేలు ఎలా ఉబ్బుతుందో, దానికి పైన కాండం అలా ఉబ్బి ఉంది.

కూరగాయల చాకు మొన పెట్టి, బెరడు తెగకుండా, ఒక్కో పోగూ తెంపడానికి నాకు ముప్పావుగంట పట్టింది. వెంటనే మిగతావన్నీ తవ్వి చూశాం. ఏడోదానికీ ఎనిమిదోదానికీ కూడా ఉంది, కాకపోతే ఇంకా వదులుగానే. నాటిన కంపెనీకి ఫోన్ చేస్తే గ్యారంటీ ఒక్క ఏడాదే అన్నారు. ఆ మాట నిజమే. పురికొసకి మాత్రం మూడేళ్లు కావాలి.

పదకొండోది వీధి అంచున. దాని మీద చిన్న చిన్న శంకుల్లాంటివి వేలాడుతుంటే ముచ్చటపడి, కాయలు కాసిందని నేను చలికాలంలో ఫొటో తీసి అమ్మకి పంపాను కూడా. పక్కింటి పెద్దాయన కుక్కని తిప్పుతూ ఆగి, అవి కాయలు కావు, బ్యాగ్‌వార్మ్‌లు, మా జూనిపర్ మీద నుంచి వచ్చి ఉంటాయి, సారీ అన్నాడు. ఒకటి తెంపి కత్తెరతో నిలువునా కోశాం. అంగుళంన్నర సంచి, పైన ఆర్బర్‌విటే పొలుసులే అతికించుకుంది, లోపల పట్టులా మెత్తగా ఉంది. మధ్యలో గోధుమ రంగు గూడు, అది నొక్కితే లేత పసుపు గుడ్లు సన్న రవ్వలా రాలాయి. ఒక్కో సంచిలో ఐదొందల నుంచి వెయ్యి దాకా ఉంటాయట. ఆడపురుగుకి రెక్కలుండవు, తను అల్లుకున్న సంచి దాటదు, అక్కడే గుడ్లు పెట్టి చచ్చిపోతుంది.

"తుమ్మచెట్టుకి పుల్లలమూట వేలాడేది గుర్తుందా? దీని అన్నదమ్ములే" అన్నాడు నాన్న. నాకు గుర్తొచ్చింది. చిన్నప్పుడు బడి దారిలో ఆ మూటలు తెంపి ఆడుకునేవాళ్లం, లోపల పురుగు ఉంటుందని తెలియక.

ఇవి మే చివర్లో, జూన్ మొదట్లో పొదుగుతాయి. ఏప్రిల్‌లో దొరకడం మా అదృష్టం. మందు అక్కర్లేదు, చేతులు చాలు. అమ్మ స్టూలేసుకుని, చిన్న కత్తెరతో, పూలు కోసినట్టు డెబ్బై మూడు సంచులు తెంపి సబ్బునీళ్ల బకెట్‌లో వేసింది. తెంపి కింద పారేస్తే లాభం లేదు, గుడ్లు అక్కడే పొదుగుతాయి. సంచిని పుల్లకి కట్టే పట్టుదారం కూడా కత్తిరించాలి, లేకపోతే అది కూడా పురికొస లాగే పుల్లని బిగించేస్తుంది. అందనివి మిగిలి ఉంటాయని జూన్ మధ్యలో బీటీ కొట్టాం. పత్తిగింజలో పెట్టిన జన్యువు ఈ బాక్టీరియాదే అని చెబితే నాన్న సీసా అటూ ఇటూ తిప్పి చూసి, "ఇక్కడ సీసాలో అమ్ముతున్నారా" అన్నాడు. ఇది లేత పురుగు తింటేనే పనిచేస్తుంది, జూలై దాటి పురుగు ముదిరితే కొట్టినా దండగ.

గోడ పక్కన నాలుగింటికీ మందేమీ లేదు, తడి పెట్టడమే. నాన్న వాటి చుట్టూ పాదులు చేశాడు. ఐదు గాలన్ల ప్లాస్టిక్ బకెట్లకి అడుగున మేకుతో రెండు కన్నాలు పొడిచి, ఒక్కో మొక్క పక్కన ఒకటి పెట్టాం. నింపి వదిలేస్తే మెల్లగా దిగుతుంది, పక్కకి పారదు. వారానికి రెండుసార్లు, వాన పడినా సరే. మల్చ్ రెండంగుళాలే ఉంచి, కాండానికి తగలకుండా జరిపాం. కత్తెర మాత్రం ఎవరూ ముట్టుకోకూడదని ఫోన్‌లో ఆవిడ గట్టిగా చెప్పింది. ఆకు ఎండినా పుల్ల చివర మొగ్గ బతికి ఉండొచ్చు, జూన్ దాకా ఆగండి అంది. అప్పటికే మూడోదానికి నేను చెయ్యాల్సిందంతా చేసేశానని ఆమెకు చెప్పలేదు.

జూన్ రెండో వారంలో ఒకటి, రెండు, నాలుగుకి తుప్పు రంగులోంచి లేతపచ్చ చివర్లు పొడుచుకొచ్చాయి. ఎండిన పొలుసు మళ్లీ పచ్చబడదు, కొత్తది దాని ముందుకొచ్చి కప్పేస్తుంది. రాని చివర్లని అప్పుడు వేళ్లతో విరిచేశాం, పెళుసుగా విరిగిపోయాయి. మూడోదానికి కూడా మిగతా అన్నిచోట్లా వచ్చాయి, నేను కత్తిరించిన చోట తప్ప. ఆర్బర్‌విటేకి ఆకు లేని ముసలి పుల్ల మీద మొగ్గ ఉండదు. మందారంలా కొట్టేస్తే చిగురించే రకం కాదు. పెద్ద పళ్లెమంత చోట ఎండుపుల్లలే మిగిలాయి. డ్రయర్ కన్నానికి గాలి పక్కకి తిప్పే ప్లాస్టిక్ మూత పెట్టాం. పదోది ఆ ఏడాది పెరగలేదు, ఎండనూ లేదు.

సెప్టెంబర్‌లో అమ్మా నాన్నా వెళ్లిపోయారు. అక్టోబర్ రెండో వారంలో ఒక పొద్దున చూస్తే పది మొక్కల్లోనూ లోపలంతా పసుపు, గోధుమ. గుండె జారిపోయింది. ఆ క్షణంలో నా చెయ్యి పైఅర వైపు వెళ్లిన మాట నిజం. కాగితం తీసుకెళ్లి కొట్టాను, ఒక్కో దెబ్బకి మూడు, నాలుగు. స్క్రూడ్రైవర్ గుచ్చాను, దిగింది. గోరుతో గీకాను, పచ్చగానే ఉంది. నాన్నకి వీడియో కాల్ చేసి మొక్క లోపలికి ఫోన్ పెట్టాను. ఆయన మిరప చేలో ఉన్నాడు, వెనకాల మోటారు చప్పుడు.

"చివర్లెట్లా ఉన్నాయి?"

"పచ్చగా ఉన్నాయి."

"అన్ని చెట్లకీ ఒకేలా, లోపలేనా?"

"ఊఁ."

"ముసలాకమ్మా. రాలనీ."

పచ్చగా ఉండే చెట్టయినా రెండు మూడేళ్ల ఆకుని లోపల్నుంచి ఏటా రాలుస్తుంది, ఇక్కడ సెప్టెంబర్, అక్టోబర్‌లలో. అంతకుముందు కూడా రాల్చే ఉంటుంది, నేను చూసి ఉండను. కొమ్మ పట్టుకుని ఊపితే ఎండు పొలుసులు చొక్కా నిండా రాలాయి.

బయటి కుళాయి ఈసారి నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ దాకా కట్టలేదు. నేల గట్టిపడే ముందు ఆఖరి తడి పెట్టి, అప్పుడు గొట్టం చుట్టాను. గోడ పక్క మొక్కలకి నైరుతి వైపు రెండేసి కర్రలు పాతి గోనెపట్టా కట్టాను, ఆకుకి తగలకుండా అరడుగు ఎడంగా. ఐదో నంబరు చోట వేసవంతా అమ్మ వేసిన గోంగూర కాసింది, మంచు పడేదాకా కోసుకున్నాం. మూడోదాని బొక్క మాత్రం వంటింటి కిటికీలోంచి నేరుగా కనపడుతుంది.